పొగ చేలో, ప్రమాదం రోడ్డు మీద: మంటలార్పే చోట హెచ్చరిక బోర్డు ఎక్కడుండాలి?

గోదావరి డెల్టాలో ఏటా రెండుసార్లు ఇదే తంతు. సార్వా కోతలయ్యాక నవంబరు, డిసెంబరుల్లో ఒకసారి, దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో ఇంకోసారి. వరికోత మిషన్ వెళ్లిన చేలో గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంటుంది. దాన్ని పోగేసి కట్టలు కట్టించడం గిట్టుబాటు కాక కొందరు నిప్పు పెట్టేస్తారు. గాలి తిరిగితే ఆ నిప్పు పక్క చేలోకో, గట్టు మీది గడ్డిమేటుకో, కొబ్బరితోటలో ఎండుమట్టల మీదకో పాకుతుంది. ఎవరో 101కి ఫోన్ చేస్తారు, ఫైరింజన్ వస్తుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

ఫైరింజన్ రోడ్డు మీద ఆగగానే ఇంకో ప్రమాదం మొదలవుతుంది. కాలవగట్టు రోడ్డు చాలాచోట్ల రెండు బండ్లు ఒరుసుకుని పోయేంత వెడల్పే ఉంటుంది. అందులో సగం ఇంజనే ఆక్రమించింది. కాలవలోంచి నీళ్లు తోడే సక్షన్ పైపు ఒకపక్క, చేలోకి లాగిన హోస్ పైపు రోడ్డుకి అడ్డంగా ఇంకోపక్క. సిబ్బంది చూపంతా మంట మీదే ఉంటుంది, వీపు రోడ్డు వైపు. వెనక నుంచి వచ్చేవాడికి ఇదేమీ తెలియదు. చట్టం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. పరిగెత్తే ఫైరింజన్‌కి దారివ్వకపోతే పదివేల రూపాయల జరిమానా వేసేలా మోటారు వాహనాల చట్టంలో 194ఈ సెక్షన్‌ని 2019లో చేర్చారు. ఆగి ఉన్న ఇంజన్‌ని, దాని చుట్టూ తిరిగే మనుషుల్ని కాపాడాల్సింది మాత్రం ముందు పెట్టిన హెచ్చరికే.

ఆ హెచ్చరిక ఎంత దూరంలో ఉండాలని అడిగితే చాలామంది మంట దగ్గర్నుంచి లెక్క మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు. డ్రైవరు బ్రేకు తొక్కక తప్పని మొదటి చోటు ఏదో చూసి, అక్కణ్నుంచి వెనక్కి కొలవాలి. ఆ చోటేమో గంటగంటకీ జరిగిపోతూ ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

రోడ్డు పనికీ, మంటార్పే పనికీ తేడా

రోడ్డు మరమ్మతులప్పుడు ట్రాఫిక్‌ని ఎలా నడపాలో, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. ఇంజనీర్లు దాన్ని ఐఆర్‌సీ ఎస్‌పీ 55 అంటారు. అందులో రోడ్డుని నాలుగు ముక్కలుగా చూస్తారు. ముందు ఏదో ఉందని చెప్పే భాగం మొదటిది. కోన్లు పెట్టి బండ్లని పక్క లేన్‌లోకి జరిపే భాగం రెండోది. మూడోది పని జరిగే చోటు. మళ్లీ మామూలు దారిలో పడే భాగం నాలుగోది. ఈ నాలుగూ మంటల దగ్గరా ఉంటాయి. కాకపోతే రోడ్డు పనికి ముందురోజే ప్లాన్ గీసుకుని, బోర్డులు ట్రాక్టర్‌లో వేసుకుని వస్తారు. మంటకి ఆ వెసులుబాటు ఉండదు.

అందుకే అమెరికాలో ఇలాంటి అనుకోని ఘటనలకు వేరే పద్ధతి పెట్టుకున్నారు. అక్కడి ట్రాఫిక్ పరికరాల మాన్యువల్ ఘటనల్ని అవి సాగే సమయాన్ని బట్టి మూడు రకాలు చేస్తుంది: అరగంటలోపు తేలిపోయేవి, రెండు గంటల్లోపువి, అంతకు మించినవి. అరగంటలోపు దానికి ఇంజన్ లైట్లు, రెండు మూడు కోన్లతో సరిపెట్టుకుంటారు. రెండు గంటలు దాటేదైతే రోడ్డు పనికి చేసినంత ఏర్పాటూ చేయాలి. ఈ అత్యవసర బోర్డులకు మెరిసే గులాబీ రంగు వాడుకోవచ్చని కూడా ఆ మాన్యువల్ చెబుతుంది. రోజూ కనిపించే నారింజ రంగు రోడ్డు పని బోర్డుల మధ్య ఇది వేరుగా కొట్టొచ్చినట్టు కనిపించాలని.

మన దగ్గర గడ్డిమేటు అంటుకుంటే అది పై మూడింటిలో దేనికింద వస్తుంది? చూడ్డానికి చిన్న మంటే. కానీ మేటు లోపల నిప్పు గంటల తరబడి రగులుతుంది. పైన నీళ్లు కొడితే సరిపోదు, జేసీబీతో తిరగేసి లోపలి గడ్డిని తడపాలి. కాబట్టి అరగంట పని అనుకుని వచ్చి పూట గడిచిపోవడం మామూలే.

ఒక లెక్క: గట్టు రోడ్డు, గంటకు యాభై కిలోమీటర్లు

డ్రైవరు ప్రమాదం చూశాక రెండు పనులు జరగాలి. ముందు బుర్రకెక్కి కాలు బ్రేకు మీదకు రావాలి. తర్వాత బండి ఆగాలి. మొదటిదానికి రెండున్నర సెకన్లు పడుతుందని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కగడుతుంది. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. బ్రేకు తొక్కేలోపే 35 మీటర్లు అయిపోయాయి. ఆగడానికి ఇంకో 26 మీటర్లు కావాలి. మొత్తం 60 మీటర్ల పైచిలుకు. అదే వేగం 80 అయితే రెండూ కలిపి 125 మీటర్లు దాటుతుంది.

ఇది మామూలు రోడ్డు మాట. హోస్‌ల నుంచి కారిన నీళ్లు, బూడిద, టైర్లకంటిన చేలో బురద కలిస్తే ఆ రోడ్డు మీద పట్టు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఇంజన్ వెనక బండ్లు ఆగాయనుకుందాం. మండల కేంద్రానికి పోయే రోడ్డు, ఒకవైపు నుంచి నిమిషానికి మూడు బండ్లు వస్తున్నాయి. పావుగంట ఆపితే 45 బండ్లు. బైకులు, ఆటోలు, మధ్యలో ఒక ఆర్టీసీ బస్సు, ఒక ధాన్యం ట్రాక్టరు, అన్నీ కలిపి బండికి సగటున నాలుగు మీటర్లు వేసుకున్నా వరస 180 మీటర్లవుతుంది. మొదట్లో ఎవరో ఇంజన్‌కి వంద మీటర్ల వెనక బోర్డు పెట్టి ఉంటే, ఇప్పుడా బోర్డు ఆగిన బండ్ల మధ్యలో ఉంది. కొత్తగా వచ్చేవాడికి బోర్డు కన్నా ముందు బస్సు వెనకభాగం కనిపిస్తుంది. కాబట్టి అప్పటికి బోర్డు ఉండాల్సింది 180కి ఇంకో 60 కలిపి, 240 మీటర్ల దగ్గర. అరగంటయితే మరింత వెనక్కి. మొదటి బోర్డు ఎక్కడ పెట్టారన్నదాని కంటే దాన్ని వెనక్కి జరిపే మనిషి ఎవరన్నది అసలు సంగతి.

మలుపుంటే మళ్లీ వేరు. మన కాలవగట్లు కాలవతోపాటే వంపులు తిరుగుతాయి, లోపలివైపు కొబ్బరిచెట్లో తాటిచెట్లో చూపుకి అడ్డం. లెక్క ప్రకారం మలుపు దాటిన పది మీటర్లకి బోర్డు రావాల్సి వస్తే, అది లెక్కలో సరిపోయినా రోడ్డు మీద పనికిరాదు. మలుపుకి ఇవతలే ఉండాలి. ఒకపక్క కాలవ కాబట్టి చివరి క్షణంలో స్టీరింగ్ తిప్పేవాడికి తప్పించుకునే చోటు కూడా ఉండదు.

శాశ్వతంగా పాతే హెచ్చరిక బోర్డులకు పాత ఐఆర్‌సీ 67 (రోడ్డు బోర్డుల నియమావళి) మైదాన ప్రాంతాల్లో జాతీయ, రాష్ట్ర రహదారులకు 120 మీటర్లు, ప్రధాన జిల్లా రోడ్లకు 90, ఇతర జిల్లా రోడ్లకు 60, గ్రామీణ రోడ్లకు 40 అని దూరాలిచ్చింది. తర్వాతి కూర్పుల్లో రోడ్డు తరగతి కంటే బండ్ల వేగానికి ప్రాధాన్యం ఇచ్చారు. ఇవి మలుపులకో, స్పీడ్ బ్రేకర్లకో రాసిన అంకెలు. స్పీడ్ బ్రేకరు ఉన్నచోటే ఉంటుంది. ఆగిన బండ్ల వరస అలా ఉండదు.

పొగలో లెక్క తలకిందులు

పైన చెప్పిందంతా ఎదుటిది కనిపిస్తున్నప్పుడు. పొగలో 30 మీటర్లే కనిపిస్తున్నాయనుకోండి. ఆ 30 మీటర్లలో ఆగాలంటే వేగం గంటకు 30 కిలోమీటర్లకు మించకూడదు. అదే 80తో లోపలికి వచ్చినవాడు రెండున్నర సెకన్లలో 55 మీటర్లు పోతాడు. ఎదురుగా లారీ ఆగి ఉంటే, బ్రేకు మీద కాలు పడకముందే గుద్దేస్తాడు. డ్రైవరు ఎంత నేర్పరయినా ఇక్కడ చేయగలిగింది లేదు.

కాబట్టి పొగ విషయంలో బోర్డు పొగ అంచున ఉంటే లాభం లేదు. 80 నుంచి 30కి దిగడం పొగలోకి రాకముందే పూర్తవ్వాలి. మరీ గట్టిగా తొక్కకుండా మామూలుగా బ్రేకు వేస్తే దీనికి వంద మీటర్లకు పైగా కావాలి, ముందున్న 55 మీటర్లతో కలిపి 160. గాలి ఒక్క విసురు విసిరితే పొగ అంచు ఇంకో వంద మీటర్లు ముందుకొస్తుంది. అంటే హైవే మీద మొదటి హెచ్చరిక పొగకి కనీసం 250, 300 మీటర్ల ఇవతల ఉంటేగాని ఆ డ్రైవరుకి న్యాయం చేసినట్టు కాదు. అమెరికా మాన్యువల్ పల్లె రోడ్ల మీద ఒక్కో బోర్డుకీ మధ్య సుమారు 150 మీటర్లు వదిలి మూడు బోర్డులు వరసగా పెట్టమనడం వెనక ఉన్నది కూడా ఇలాంటి లెక్కే.

పొగకి మంచు తోడైతే ఏమవుతుందో ఫ్లోరిడాలో 2012 జనవరి 29న చూశారు. గెయిన్స్‌విల్ దగ్గర పేన్స్ ప్రెయిరీ అనే చిత్తడినేల పక్కనుంచి ఐ-75 హైవే వెళ్తుంది. పక్కన గడ్డీ పొదలూ అంటుకున్నాయి, పొగమంచు కమ్మింది. రాత్రి పోలీసులు హైవే మూసేశారు. తెల్లవారుజామున కాస్త తేరుకుందని తెరిచారు. కాసేపటికే బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని 11 మంది చనిపోయారు. 2023 అక్టోబరు 23న లూసియానాలో ఐ-55 మీద చిత్తడినేలల మంటల పొగ, ఉదయపు మంచు కలిసి 158 బండ్లు ఢీకొన్నాయి. అక్కడి వాతావరణ శాస్త్రవేత్తలు దీన్ని సూపర్‌ఫాగ్ అంటారు. తడిగా రగిలే గడ్డి నుంచి వచ్చే ఆవిరి, పొగ రేణువులు చల్లటి, తేమగల గాలిలో కలిస్తే చూపు మూడు మీటర్లకు కూడా పడిపోతుంది.

చదునైన నేల, ఎటుచూసినా నీళ్లు, లోలోపల రగులుతున్న తడి గడ్డి, చల్లటి ఉదయం. ఈ నాలుగూ డిసెంబరు ఆఖర్లో కోనసీమలోనూ దొరుకుతాయి. మన దగ్గర అంత పెద్ద ప్రమాదం జరుగుతుందని జోస్యం చెప్పడం లేదు, మన రోడ్ల మీద అన్ని బండ్లూ ఉండవు, అంత వేగమూ ఉండదు. కానీ కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా ఒంగోలు పోయే 216 హైవేని వెడల్పు చేశాక వేగాలు మునుపటిలా లేవు. చేలు మాత్రం రోడ్డుని ఆనుకునే ఉన్నాయి.

పగలు ఒకవైపు, రాత్రి ఒకవైపు

తీరం దగ్గర గాలి పూట మారితే దిక్కు మారుతుంది. ఎండ ముదిరాక సముద్రం మీంచి లోపలికి వీస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక మెల్లగా సముద్రం వైపు మళ్లుతుంది. దాళ్వా కోతల కాలంలో మధ్యాహ్నం మంట పెడితే పొగ రోడ్డుకి ఉత్తరాన పోతుందనుకుని ఉత్తరంవైపు బోర్డు పెట్టి ఇంటికి పోతే, రాత్రికి పొగ దక్షిణాన రోడ్డు మీద పరుచుకోవచ్చు.

పైగా పగటి పొగ పైకి లేస్తుంది, రాత్రి పొగ నేలనంటి పాకుతుంది. పగలు దూరానికి నల్లగా కనిపించి భయపెట్టే పొగ కంటే, రాత్రి మంట ఆరిందనుకున్న చేలోంచి బోదెల వెంబడి పల్లానికి జారి రోడ్డు మీద కూర్చునే పల్చటి పొగే డ్రైవరుకి ఎక్కువ ప్రమాదం. దానికి ఫోటో కూడా రాదు, ఎవరూ షేర్ చేయరు.

కొమ్మ, రాయి, రేడియం స్టిక్కరు

మన రోడ్ల మీద హెచ్చరికకు ఒక పాత పద్ధతుంది. లారీ ఆగిపోతే క్లీనరు దిగి పక్కనున్న చెట్టు కొమ్మ ఒకటి విరిచి వెనక రోడ్డు మీద పడేస్తాడు, చుట్టూ నాలుగు రాళ్లు పెడతాడు. మంటల దగ్గర ఊళ్లోవాళ్లు కూడా ముందు చేసేది ఇదే. వెక్కిరించాల్సిన పనేం లేదు. నిమిషంలో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు, పచ్చటి కొమ్మ నడిరోడ్డు మీద ఉంటే పగటిపూట ఎవరైనా నిదానిస్తారు.

చిక్కు రాత్రి వస్తుంది. కొమ్మ మెరవదు. హెడ్‌లైటు వెలుతుర్లో అది కనిపించేది పాతిక ముప్పై మీటర్ల దగ్గరికి వచ్చాకే. రాళ్లయితే బైకు మీద వచ్చేవాణ్ని అవే పడేస్తాయి. ఇంకో సంగతి, కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, దాని చుట్టూ ఇవే రాళ్లు, ఇవే కొమ్మలు పెడతారు. రోజూ అవి చూసి పక్కనుంచి పోవడం అలవాటైన డ్రైవరుకి మంట దగ్గర పెట్టిన కొమ్మ కూడా వడ్లే అనిపిస్తుంది. రేడియం అతికించిన కోన్ దీనికి మెరుగు. లైటు పడగానే ఆ వెలుగుని తిరిగి డ్రైవరు కంటికే పంపుతుంది కాబట్టి వంద మీటర్ల పైనుంచే తెలుస్తుంది. దట్టమైన పొగలో మాత్రం రేడియం కూడా చేతులెత్తేస్తుంది, లైటు అక్కడిదాకా వెళ్తేగదా తిరిగి రావడానికి.

బోర్డు మీద మాటల సంగతి కూడా ఉంది. అక్షరం ఎత్తు ఒక్కో సెంటీమీటరుకీ మూడున్నర మీటర్ల దూరం నుంచి చదవొచ్చని మోటుగా ఒక లెక్క, అదీ ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి. పదిహేను సెంటీమీటర్ల అక్షరం 50 మీటర్ల పైనుంచి కనిపిస్తుంది. 80 వేగంలో ఆ దూరం రెండున్నర సెకన్లు కూడా పట్టదు. వత్తులు, గుణింతాలు ఉన్న మన అక్షరాలు ఇంకా పెద్దగా ఉండాలి. ‘అగ్నిమాపక కార్యకలాపములు జరుగుచున్నవి, వాహనదారులు సహకరించగలరు’ అని రాస్తే చదవడం పూర్తయ్యేసరికి మంట దగ్గరే ఉంటాం. ‘ముందు పొగ’ అంటే చాలు.

గ్యాస్ అయితే ‘నిదానం’ బోర్డు పనికిరాదు

డెల్టాకి అడవి మంటల కంటే బాగా తెలిసింది గ్యాస్ మంట. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగి, అంటే గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మి, ఆ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

గడ్డి మంట దగ్గర బండి మంట బాధితురాలు కావచ్చు. గ్యాస్ లీకు దగ్గర బండే మంటకి కారణం కావచ్చు. ఇంజన్ వేడి, స్టార్టర్ నిప్పురవ్వ చాలు. అందుకే గ్యాస్ వాసన ఉండి ఇంకా అంటుకోని చోట నిదానంగా వెళ్లండన్న బోర్డు తప్పుడు బోర్డు. ఆపి, వెనక్కి తిప్పాలి. ఉత్తర అమెరికాలో ఫైర్ సిబ్బంది దగ్గరుంచుకునే ఎమర్జెన్సీ రెస్పాన్స్ గైడ్‌బుక్ మండే గ్యాస్ లీకైతే ముందుగా అన్నివైపులా 100 మీటర్లు ఖాళీ చేయమంటుంది. లీకు పెద్దదైతే గాలి పోయే దిక్కున 800 మీటర్ల దాకా జనాన్ని పంపేయడం ఆలోచించమంటుంది. అంటే బండ్లని ఆపే చోటు ఆ హద్దుకి అవతల, తిరగడానికి వీలున్న కూడలి దగ్గరే ఉండాలి. ఇరుకు గట్టు మీద బస్సుని ఆపేసి వెనక్కి తిప్పుకోమంటే తిరిగే చోటేది? కాగడాలూ, మండే ఫ్లేర్లూ పెట్టి హెచ్చరించడం ఇక్కడ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

వాదన ఎక్కడుంది

ఫైర్ సిబ్బంది చెప్పేదాంట్లో న్యాయముంది. ఇంజన్‌తో వచ్చేది కొద్దిమంది. మొదటి పది నిమిషాల్లో ఒకణ్ని బోర్డు పట్టుకుని 200 మీటర్లు వెనక్కి పంపితే, పంపు దగ్గర ఒక చెయ్యి తగ్గుతుంది, ఆ పది నిమిషాల్లోనే ఇల్లు దక్కడమో తగలబడడమో తేలుతుంది. అందుకే చాలా దేశాల్లో ఇంజన్‌నే అడ్డుగా వాడుకుంటారు. రోడ్డుకి ఏటవాలుగా నిలిపితే సిబ్బందికి కాపు దొరుకుతుంది, ఎవరైనా గుద్దినా దెబ్బ ఇంజన్ మీద పడుతుంది.

రోడ్డు భద్రత ఇంజనీర్ల వాదన ఇంకోలా ఉంటుంది. ఇంజన్‌ని గుద్దినవాడు కూడా మనిషే కదా, వాడికి హెచ్చరిక ఏదీ అంటారు. ఇద్దరికీ మధ్యేమార్గం నాకు కనిపించింది రోడ్డు తరగతిని బట్టి విడగొట్టడమే. పుంతల్లో, గట్టు రోడ్ల మీద వేగాలు తక్కువ, ఊళ్లోవాళ్లు ఎప్పుడూ పోగై ఉంటారు. కోన్లు ఇచ్చి ఇద్దరిని చెరోవైపు నిలబెడితే పని జరుగుతుంది. హైవే మీద ఊళ్లోవాణ్ని నిలబెట్టడం మాత్రం అతణ్ని ప్రమాదంలోకి నెట్టడమే, అక్కడ పోలీసులు వచ్చేదాకా రోడ్డు మొత్తం ఆపేయడమే మేలు.

అసలు బోర్డు పెట్టే అధికారం ఎవరిదన్నది ఇంకో ముడి. మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ట్రాఫిక్ గుర్తులు పెట్టే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, అది నియమించిన అధికారులకు ఇచ్చింది. నేల మీదికొస్తే గట్టు ఇరిగేషన్‌ది, తారు పంచాయతీరాజ్‌దో ఆర్ అండ్ బీదో, హైవే అయితే కేంద్రానిది, మంట అగ్నిమాపక శాఖది, ట్రాఫిక్ పోలీసుది. కోన్లు ఏ శాఖ గోడౌన్‌లో ఉన్నాయో, అర్ధరాత్రి తాళం ఎవరి దగ్గరుందో కూడా తేలాలి.

అడవి మంటల దగ్గర కూడా ఈ ఖాళీ ఉంది. డెల్టాకి ఎగువన పాపికొండల్లో, మారేడుమిల్లి ఘాట్‌లో ఫిబ్రవరి నుంచి వేసవంతా ఎండుటాకులు అంటుకుంటుంటాయి. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బందికి ఫోన్‌కే పంపుతుంది. ఘాట్ ఎక్కే టూరిస్టు కారుకి ఆ మెసేజ్ రాదు.

బోర్డు ఎప్పుడు తీయాలి

మంట ఆరి రెండురోజులైనా ‘ముందు పొగ’ అని చెప్పే బోర్డుని రోజూ దాటేవాడు మూడోరోజు దాన్ని చూడడం మానేస్తాడు. నిజంగా పొగ ఉన్నరోజు కూడా అంతే. అమెరికా మాన్యువల్ అవసరం తీరిన బోర్డుని తీసేయాలి, లేదా మూసేయాలి అని ఊరికే రాయలేదు.

తొందరపడి తీస్తే ఫ్లోరిడా గతి. అక్కడ తప్పింది పొగ తగ్గినట్టు కనిపించిన క్షణాన్ని నమ్మడం దగ్గర. నేల తెల్లవారుజాముకి బాగా చల్లబడుతుంది, మంచు చిక్కబడేది అప్పుడే. సాయంత్రం చూసి బాగుందనుకున్న రోడ్డు ఐదింటికి అలా ఉండదు. లోపల రగిలే గడ్డిమేటు పక్కన రాత్రి ఫైరింజన్ వెళ్లిపోయినా కోన్లు ఉంచి, పాలబండ్లు, చేపల లారీలు తిరిగే వేళకి ఒకరు వెళ్లి మళ్లీ చూడాలి. తీయాలా వద్దా అన్నది ఎండెక్కాక తేల్చుకోవచ్చు.